చాముండేశ్వరి చేతులు

కలమజూ, మిషిగన్
సెప్టెంబరు 6

వసత్తా,

ఇది ఉత్తరమే. కంప్యూటర్‌లో పంపుతున్నాను కాబట్టి మెయిల్ అనకు. పైన ఊరి పేరు రాశాను, తారీకు వేశాను, తెలుగులో రాస్తున్నాను. ఫోన్‌లో నా మాటలు నీకు సగమే వినపడుతున్నాయట. వీడియో కాల్‌లో కింద అక్షరాలు వేసే యంత్రం నా పేరుని ‘చమ్ ఉండీ స్వీట్’ అని వేసిందని చెప్పి నాన్న పడీ పడీ నవ్వాడు. అందుకని ఇకనుంచీ ఇలాగే రాస్తాను. తప్పులుంటే దిద్దుకో, మార్కులు మాత్రం వెయ్యకు. ప్రతి వేసవి సెలవుల్లోనూ ఆష్‌బర్న్‌లో నీ వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి నువ్వు నేర్పిన తెలుగే నాది.

అసలు సంగతి ఇది. నాకు డబ్బులిస్తామంటున్నారు. నా పేరుకీ, నా బొమ్మకీ!

పూర్వం కాలేజీ తరఫున ఆడేవాళ్ళు ఆట పేరు చెప్పి డబ్బు తీసుకుంటే జట్టులోంచి తీసేసేవారట. కొన్నేళ్ళ కిందట ఆ రూల్ మారింది. ఇప్పుడు మన పేరు, మన రూపం, మన పోలిక ఎవరైనా వాడుకోవాలంటే మనకి డబ్బివ్వాలి, మనం సరే అనాలి. ఫుట్‌బాల్ అబ్బాయిల వెనకాల కార్ల షోరూమ్‌ల వాళ్ళు తిరుగుతుంటారు. ఇనప గుండు విసిరేవాళ్ళని ఎవరడుగుతారు? మా షాట్‌పుట్ గుంపులో ఇంతవరకూ ఎవరికైనా ఏమైనా వచ్చిందంటే పిజ్జా కూపన్లే.

మా ట్రాయ్‌లోనే ఈశ్వరయ్య అంకుల్ అని ఒకాయన ఉన్నారు. కార్ల కంపెనీలో ఇంజనీర్ ఉద్యోగం మానేసి ‘తెల్లారి’ అనే పేరుతో ఇడ్లీ పిండి తయారుచేసి అమ్ముతున్నారు. జులైలో తెలుగువాళ్ళ పిక్నిక్‌కి దోసెలు వెయ్యడానికి పెద్ద గ్రైండర్ వ్యాన్‌లో తెచ్చారు. దాన్ని ఎటునుంచి దింపాలా అని ముగ్గురు అంకుల్స్ వాదించుకుంటున్నారు. నేను వెళ్ళి దాన్ని ఎత్తి బల్ల మీద పెట్టి, వచ్చి నా పుచ్చకాయ ముక్క తినడం మొదలుపెట్టాను. కాసేపటికి ఆయనే నా దగ్గరికి వచ్చారు.

“ఏం తింటావమ్మా నువ్వు?”

“ఇడ్లీలు అంకుల్.”

“ఎన్ని?”

“లెక్కపెట్టను అంకుల్.”

పోయిన వారం నాన్నకి ఫోన్ చేశారు. ప్యాకెట్ మీద నా ఫోటో, నా పేరు వేస్తారట. అప్పుడప్పుడూ దుకాణంలో నిలబడి వచ్చినవాళ్ళని పలకరించాలట. నాన్న కాంట్రాక్ట్ చదువుతున్నాడు. యూనివర్సిటీ వాళ్ళకి కూడా చూపించాలి. మా జట్టులో షానిస్ అని జమైకా అమ్మాయి ఉంది, నాకంటే చాలా దూరం విసురుతుంది. తనది స్టూడెంట్ వీసా. ఇక్కడ ఇలాంటి డబ్బు ముట్టుకుంటే వీసాకే ముప్పు. “నా వంతు ఇడ్లీలు కూడా నువ్వే సంపాదించు” అంది. మనకి గ్రీన్ కార్డ్ వచ్చింది కాబట్టి సరిపోయింది.

అమ్మ మాత్రం ఒకటే మాట: “ఫోటోలో చేతులు కప్పి ఉండేలా చూసుకో.”

నీ
చాముండేశ్వరి


ఆష్‌బర్న్, వర్జీనియా
సెప్టెంబరు 14

చాముండీ,

ఉత్తరం రెండుసార్లు చదివాను. మార్కులు వెయ్యొద్దన్నావు కాబట్టి వెయ్యలేదు గానీ, వేస్తే మంచి మార్కులే వచ్చేవి.

నీకు మా అమ్మ పేరు పెట్టినప్పుడు మీ నాన్న భయపడ్డాడు, ఈ దేశంలో ఈ పేరు ఎవరు పలుకుతారని. వాడి భయమూ నిజమే. బడిలో టీచర్లు ‘చామ్’ అని ఊరుకున్నారు. ఇప్పుడు చూడు, అది ప్యాకెట్ మీద అచ్చవుతోంది. అందులో ఒక్క అక్షరం కూడా తగ్గించనివ్వకు. ఆ ఈశ్వరయ్యగారు మంచివాడిలాగే ఉన్నాడు. పిక్నిక్‌లో గ్రైండర్ ఎత్తిన పిల్లని చూసి ‘అయ్యో’ అనకుండా ‘ఏం తింటావు’ అని అడిగినవాడు నాకు నచ్చాడు.

ఫోటోలు తీసే రోజు ఏం జరిగిందో వివరంగా రాయి. ఆఫీస్‌లో అందరికీ చెప్పేశాను. మా డేటా సెంటర్‌లో అన్నీ యంత్రాల కబుర్లే, మనుషుల కబుర్లు తక్కువ. వాళ్ళంతా ‘మీ మేనకోడలి ఫోటో ఎప్పుడొస్తుంది’ అని అడుగుతున్నారు.

శనివారం పొద్దుట మెసేజ్ పెట్టి వెంటనే జవాబు రాలేదని కంగారుపడకు. ఆ పూట నేను ఇంట్లో ఉండటం లేదు. ఎక్కడికని అడక్కు.

అత్త


కలమజూ
అక్టోబరు 12

వసత్తా,

శనివారం ఎక్కడికి వెళ్తున్నావు? అడక్కు అంటే అడుగుతాను, ఆమాత్రం తెలీదా నీకు?

ఫోటోలు తీసిన ఆయన పేరు కౌశిక్. ట్రాయ్‌లో పెళ్ళిళ్ళకీ పుట్టినరోజులకీ ఆయనే తీస్తాడు. షాట్‌పుట్ ఎప్పుడూ చూడలేదట. గుండుని మెడకి ఆనించుకుని, గడ్డం కిందికి పెట్టి, మోచెయ్యి పైకెత్తి నిలబడితే, “కొంచెం పెళ్ళికూతురిలా నవ్వండి మేడమ్” అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఆ నవ్వే బాగా వచ్చిందన్నారు.

మధ్యలో ఈశ్వరయ్య అంకుల్‌కి ఒక ఆలోచన వచ్చింది. గుండు తీసేసి, రుబ్బురోలు పొత్రం నా చేతికిచ్చారు. నున్నటి నల్లరాయి, గుండు కన్నా చాలా బరువు. దాన్ని మెడ దగ్గర పెట్టుకుంటే ఆయన మొహం వెలిగిపోయింది. ప్యాకెట్ మీద మాట కూడా అక్కడే తట్టింది: ‘చాముండేశ్వరి పొత్రం పడితే పిండి పొంగాల్సిందే!’

యూనివర్సిటీ గుర్తు ఉన్న బట్టలు వెయ్యకూడదు కాబట్టి పసుపురంగు చొక్కా తెప్పించారు. చేతుల్లేని చొక్కా. అమ్మ పక్కనే ఉంది. “పొడుగు చేతులది లేదా అన్నయ్యగారూ?” అంది. “చేతులు చూసే కదమ్మా అడిగింది” అన్నారాయన. అమ్మ ఇంకేమీ అనలేదు.

తర్వాత శాంపిల్స్ పంపారు. చూశాను, సరే అన్నాను. బాగానే ఉన్నాయి. అచ్చుకి వెళ్ళిపోయింది.

మిడ్‌టర్మ్స్ ఉన్నాయి, ఇక ఉంటాను.

చాముండేశ్వరి


ఆష్‌బర్న్
నవంబరు 16

చాముండీ,

ఇవాళ కూరగాయలకని మన దుకాణానికి వెళ్ళాను. ఫ్రిజ్ అద్దంలోంచి పసుపురంగు కనిపించింది. తలుపు తీస్తే ‘తెల్లారి’ ప్యాకెట్లు వరసగా ఉన్నాయి. వర్జీనియా దాకా వచ్చేశావన్నమాట! పేరు పూర్తిగా ఉంది, ఒక్క అక్షరం తగ్గలేదు. కళ్ళు నీవి. నవ్వు నీదే, గడ్డం మా అమ్మది.

కానీ ఆ చేతులు ఎవరివే?

కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. ములక్కాడల్లాంటి రెండు చేతులు. భుజాలు లేవు. అంత పొత్రం పట్టుకుంటే ఆ చేతులు మధ్యకి విరిగిపోవాలి. కౌంటర్ దగ్గరున్న కుర్రాడు, “ఎవరో మోడల్ అనుకుంటా ఆంటీ” అన్నాడు. వాడి పెదాలు చూసి అర్థం చేసుకున్నాను. మా మేనకోడలు అని చెబుదామని నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను. అది నువ్వో కాదో నాకే అనుమానం వచ్చింది.

నాకు ఒకటే భయం. నువ్వు ఒంట్లో బాగాలేక చిక్కిపోయి మాకు చెప్పడం లేదా? లేకపోతే వాళ్ళు నిన్ను అడక్కుండా ఇలా చేశారా? రెండింటిలో ఏదైనా సరే, వెంటనే రాయి. అవసరమైతే నేను ఆ ఈశ్వరయ్యగారికి రాస్తాను.

నాలుగు ప్యాకెట్లు కొన్నాను. ఇడ్లీలు మాత్రం బ్రహ్మాండంగా వచ్చాయి.

అత్త


కలమజూ
నవంబరు 17

అత్తా,

నేను బాగానే ఉన్నాను. చిక్కిపోలేదు. ఫోటోలంటే అలాగే ఉంటాయి, అందరివీ అలాగే చేస్తారు. నువ్వెవరికీ రాయొద్దు. ప్లీజ్.

చా.


కలమజూ
నవంబరు 19

వసత్తా,

మొన్న విసుగ్గా రాశాను. నిన్నంతా దాని గురించే ఆలోచించాను. చెప్పేస్తాను.

నన్ను అడక్కుండా ఎవరూ చెయ్యలేదు. కౌశిక్ రెండు ఫోటోలు పంపాడు. ఒకటి ఉన్నది ఉన్నట్టు, రెండోది ‘కొంచెం టచప్’ చేసి. పెళ్ళికూతుళ్ళందరికీ అలవాటుగా చేసేదే నాకూ చేశాడట. ‘ఏది కావాలో మీ ఇష్టం’ అని రాశాడు. ఈశ్వరయ్య అంకుల్ కూడా ‘నువ్వు ఏది చెబితే అదే’ అన్నారు.

ఆ రెండో ఫోటో చూస్తూ చాలాసేపు కూర్చున్నాను అత్తా. నాకు నచ్చింది. నిజం చెబుతున్నాను, చాలా నచ్చింది. అందులో అమ్మాయికి ఏ దుకాణంలో కొన్న జాకెట్టయినా పడుతుంది. ఆ అమ్మాయి పక్కన నిలబడితే అబ్బాయిలు తమ భుజాలు చూసుకోరు. జెర్సీ సిటీలో అనుష్క అక్క పెళ్ళి గుర్తుందా? డాన్స్ చేస్తుంటే నా జాకెట్టు చెయ్యి కుట్టు దగ్గర పర్రుమంది. ముగ్గురు ఆంటీలు చుట్టూ మూగి పిన్నీసులు పెట్టారు. పెడుతూనే ఒకామె, “ఆడపిల్లకి ఇంతేసి భుజాలేమిటమ్మా” అంది. ఇంకొకామె, “గుండ్లు మొయ్యడం మానేస్తే తగ్గుతాయిలే” అంది. ప్రేమగానే అన్నారు. నేనూ నవ్వాను. ఆ రాత్రంతా శాలువా కప్పుకునే తిరిగాను.

అందుకని రెండోదే పంపమన్నాను.

ప్యాకెట్ వచ్చాక జట్టులో చూపించాను. షానిస్ అటూ ఇటూ తిప్పి చూసి, “ఈ పిల్ల టెన్నిస్ బంతి కూడా విసరలేదు” అంది. అందరూ నవ్వారు. కోచ్ నవ్వలేదు, ఏమీ అనలేదు కూడా. ప్యాకెట్ నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు. ఆయన ఏదైనా అని ఉంటే బావుండేది.

అమ్మా నాన్నా ఇంకా చూడలేదు. ట్రాయ్‌లో ఇంకా పాత సంచులే అమ్ముతున్నారు, కొత్తవి దుకాణాలకి వచ్చాయనే వాళ్ళకి తెలీదు. నువ్వు చెప్పకు.

చాముండేశ్వరి


ఆష్‌బర్న్
డిసెంబరు 1

చాముండీ,

చెప్పను.

నీకు రాయడానికి ఇన్ని రోజులు పట్టింది. మొదట ఒక ఉత్తరం రాశాను, అందులో అన్నీ నీతులే వచ్చాయి. తుడిచేశాను. దాని బదులు నేను దాచిన సంగతి చెబుతాను.

శనివారం పొద్దుట నేను వెళ్తున్నది ఈత నేర్చుకోవడానికి. ఇక్కడ మా కౌంటీ వాళ్ళ ఈతకొలనులో పెద్దవాళ్ళకి క్లాసులున్నాయి. యాభై దాటిన ఆడది, నా నడుమూ నా తొడలూ నీకు తెలుసు, స్విమ్ సూట్ వేసుకుని నలుగురి మధ్య నడవాలి. మొదటి రోజు మార్చుకునే గదిలోంచి బయటికి రాలేక అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాను. క్లాసు అయిపోయాక బట్టలు మార్చుకుని ఇంటికి వచ్చేశాను. రెండోవారం తువ్వాలు ఒంటికి చుట్టుకుని నీళ్ళ అంచుదాకా వెళ్ళి, దాన్ని వదిలేసి గభాలున దిగిపోయాను. ఒక్కరూ చూడలేదే! ఎవరి ముక్కులో నీళ్ళు పోకుండా చూసుకునే తొందర వాళ్ళది.

నీళ్ళలోకి దిగేముందు చెవి మిషన్లు తీసేస్తాను. ఏమీ వినపడదు. నేర్పే అమ్మాయి చేతులతో సైగ చేస్తుంది. అంత హాయిగా ఈ మధ్య ఎక్కడా లేను.

నీకు ఆ ఫోటో నచ్చడంలో తప్పేముంది? నాకూ నా పాతికేళ్ళప్పటి ఫోటో అంటే ఇష్టమే. ఒక్కటి మాత్రం అడుగుతాను. రెండు నెలలైంది కదా, ఇప్పటికీ నచ్చుతోందా? నచ్చితే ఉండనీ, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. నచ్చకపోతే వెళ్ళి మార్చమని అడుగు. పేరు నీది, బొమ్మ నీది. అడిగే హక్కు కూడా నీదే కదా, చట్టం మార్చి మరీ ఇచ్చారాయె.

ఈత సంగతి మీ నాన్నకి చెప్పకు. వాడు నవ్వుతాడు.

అత్త


ట్రాయ్
జనవరి 11

వసత్తా,

ఇంకా నవ్వుతూనే ఉన్నాను. నీటి అంచున తువ్వాలు వదిలేసిన నిన్ను తలుచుకుంటే. నాన్నకి చెప్పలేదు. అమ్మకి మాత్రం చెప్పేశాను, క్షమించు. ఎందుకు చెప్పానో ముందు విను, చాలా జరిగింది.

సెలవులకి ఇంటికి వచ్చాక పద్మజ ఆంటీ వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాం. మా వీధి చివరే ఉంటారు. పెరుగు తియ్యడానికి అమ్మ వాళ్ళ ఫ్రిజ్ తెరిచింది. ఎంతకీ తలుపు ముయ్యలేదు. పద్మజ ఆంటీ, “నీకు చూపిద్దామనే ఈ ప్యాకెట్ దాచాను గీతా! ఎంత బాగా పడిందో చూడు. ఎంత నాజూగ్గా ఉందో!” అంది. అమ్మ పెరుగు గిన్నె తీసి తలుపు మూసింది.

మర్నాడు పొద్దున్నే నన్ను కార్ ఎక్కించుకుని తిన్నగా ఈశ్వరయ్య అంకుల్ పిండి చేసే చోటికి తీసుకెళ్ళింది. అక్కడికి వెళ్ళాక ప్యాకెట్ బల్ల మీద పెట్టింది.

“అన్నయ్యగారూ, ఇదేమిటి?”

“మన ప్యాకెట్టేనమ్మా. అమ్మకాలు బావున్నాయి. న్యూజెర్సీ నుంచి కూడా ఆర్డర్లొస్తున్నాయి.”

“ఈ చేతులెవరివి?”

అంకుల్ నావైపు చూశారు. నేను నేల చూశాను.

“నా కూతురి చేతులు ఇవి కాదు. చేతులు చూసే అడిగాం అన్నారు కదా మీరు? నేను చొక్కా గురించి అంటే నా నోరు మూయించారు కదా?”

“అమ్మా, కౌశిక్ రెండు పంపాడు. అమ్మాయే ఇది ఓకే చేసింది.”

అమ్మ నావైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. “పద” అంది.

కార్‌లో కూర్చున్నాక స్టార్ట్ చెయ్యలేదు. బయట మంచు పడుతోంది, అద్దం మీద పేరుకుంటోంది.

“ఈ చేతులకి ఇన్నేళ్ళు అన్నం పెట్టింది నేను. నన్ను ఒక్క మాట అడక్కుండా తీయించేస్తావా?” అంది.

నాకు కోపం వచ్చింది అత్తా. “నువ్వే కదమ్మా పొడుగు చేతుల జాకెట్లు కుట్టించింది? నువ్వే కదా కప్పుకో, కప్పుకో అంది?”

“అన్నాను. మిషిగన్‌లో చలి.”

“జులైలో కూడానా?”

అమ్మకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ముక్కు తుడుచుకుంటూ అంది: “ఎవరైనా ఏమైనా అంటారేమోనని కప్పాను. కప్పడం వేరే, కోసెయ్యడం వేరే.”

ఆమె నా చెయ్యి పట్టుకుని, కోటు మీదనుంచే, మోచేతి పైన అటూ ఇటూ నొక్కి చూసింది, ఉన్నాయా లేదా అన్నట్టు. అప్పుడే నీ ఈత సంగతి చెప్పాను. “వదినే?” అని నోరు తెరుచుకుంది. ఇంటికి వచ్చేదాకా అదే మాట, “వదినే!”

నేను మాత్రం మధ్యాహ్నం ఒక్కదాన్నే మళ్ళీ అంకుల్ దగ్గరికి వెళ్ళాను. ఫోటో మార్చమని అడిగాను. ఆయన నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చారు. “నిజం చెప్పాలంటే మొదటి ఫోటోనే నాకు నచ్చిందమ్మా. కానీ బొమ్మ నీది. నువ్వు ఇదే కావాలన్నావు, ఇదే వేశాను. రేపు మళ్ళీ మారుస్తానంటే అచ్చువేసిన సంచులన్నీ ఏం చెయ్యను? అవి అయిపోయేదాకా ఆగాలి. తర్వాత మొదటిదే వేద్దాం” అన్నారు. న్యాయంగానే ఉంది. సరే అన్నాను.

కానీ నిన్న శనివారం దుకాణంలో నిలబడే మొదటి రోజు. నావెనక పెద్ద బోర్డు మీద ఆ సన్నచేతుల అమ్మాయి. ముందు నేను, అదే పసుపు చొక్కాలో. పొడుగు చేతులది వేసుకుంటావా అని అమ్మ అడగలేదు. నా కోటు తనే పట్టుకుని ఓ పక్కన నిలబడింది. ఇడ్లీ ముక్కలు ప్లేట్లలో పెట్టి ఇస్తున్నాం. ఒక బామ్మగారు బోర్డునీ నన్నూ మార్చి మార్చి చూసి అడిగింది, “ఆ ఫోటోలో పిల్ల మీ చెల్లెలామ్మా?”

“కాదండీ, నేనే. ఫోటోలో చేతులు తగ్గించాం.”

“ఎందుకు?”

చుట్టూ జనం ఉన్నారు అత్తా. నోటికి ఏదో అబద్ధం వచ్చింది, మింగేశాను. “నేనే తగ్గించమన్నానండీ. అప్పుడు సిగ్గేసింది” అన్నాను. ఆవిడ నా చేతులు చూసి, “పిచ్చిపిల్లా, ఇవే బావున్నాయి” అని ఇంకో ఇడ్లీ అడిగి పుచ్చుకుని వెళ్ళిపోయింది. అంతే. ఇంకేమీ జరగలేదు. నేను భయపడినదంతా అంతే!

కాసేపటికి పిల్లలు పోగయ్యారు. “నిజంగా విసరగలవా?” అని విహాన్ అనే వాడు నిలదీశాడు. నా గుండు కార్‌లో ఉంది. పార్కింగ్ లాట్‌లో ఒక పక్క మంచు ఎత్తుగా తోసి పెట్టారు. మేనేజర్‌ని అడిగి, అందరినీ దూరం జరిపి, ఒకటి వేశాను. గుండు ఎక్కడికి పోయిందో కనపడలేదు, మంచులో గుండ్రటి కన్నం మాత్రం పడింది. పిల్లలు చేతులతో తవ్వి తెచ్చారు. మళ్ళీ వేశాను. మళ్ళీ తవ్వారు. లోపల పిండి అయిపోయిందని ఈశ్వరయ్య అంకుల్ బయటికి వచ్చి చెప్పేదాకా అదే ఆట. అమ్మ నా కోటు పట్టుకుని చలిలో నిలబడి అందరికీ చెబుతోంది, “మా అమ్మాయే, మా అమ్మాయే” అని.

ఇప్పుడు నచ్చుతోందా అని అడిగావు కదా. ఆ ఫోటో మీద నాకు కోపం లేదు. కానీ ఆ పిల్ల ఎవరో నాకు తెలీదు.

చాముండేశ్వరి


ఆష్‌బర్న్
ఫిబ్రవరి 8

చాముండీ,

నీ ఉత్తరం ఆఫీస్‌లో చదివి, కళ్ళలో ఏదో పడిందని అబద్ధం చెప్పాల్సి వచ్చింది.

మీ అమ్మ నాకు పెద్ద మెసేజ్ పెట్టింది. స్విమ్ సూట్ ఎక్కడ కొన్నారు వదినా, ఎంత పడింది, ట్రాయ్‌లో కూడా అలాంటి క్లాసులు ఉంటాయా అని. ఎవరో ఒకరు నవ్వుతారని నేను బెంగపెట్టుకుంటే, ఆవిడ చేరడానికి తయారవుతోంది! నిన్న లోతువైపుకి వెళ్ళాను. కాళ్ళకి నేల అందలేదు. కాళ్ళూ చేతులూ ఆడించాను, తేలాను.

మే నెలలో మీ కాన్ఫరెన్స్ పోటీలు, అదే మీ చుట్టుపక్కల యూనివర్సిటీలన్నిటి మధ్యా జరిగేవి, ఉన్నాయని మీ నాన్న అన్నాడు. ఇన్నేళ్ళలో నువ్వు విసరడం నేను ఒక్కసారీ చూడలేదు. సెలవు పెట్టేశాను. వద్దన్నా వస్తాను.

అత్త


కలమజూ
ఏప్రిల్ 19

వసత్తా,

ఎవరు వద్దన్నారు? ఒహాయోలో పోటీ. నువ్వు డెట్రాయిట్‌కి ఫ్లైట్ బుక్ చేసుకో, అక్కణ్ణుంచి నాన్న డ్రైవ్ చేస్తాడు. టోపీ తెచ్చుకో, ఎండకి కూర్చోవాలి.

కొత్త సంచులు వచ్చాయి. మొదటి ఫోటోనే. కౌశిక్ ఫోన్ చేసి సారీ చెప్పాడు, పాపం ఆయన తప్పేముంది, నేనే కదా ఎంచుకున్నది. ఈమధ్య ఒక పెళ్ళికూతురు టచప్ వద్దందట, ఇంకేం పని మిగిలింది నాకు అని వాపోయాడు.

అంకుల్ వచ్చే ఏడాదికి కూడా అడిగారు. సరే అన్నాను. ఈసారి ఒక్క షరతు పెట్టాను. ట్రాయ్‌లో ఆడపిల్లలకి వేసవిలో గుండు విసరడం నేర్పే క్యాంప్ పెడతాను, దాని ఖర్చు ‘తెల్లారి’ భరించాలి. “వాళ్ళందరూ ఇడ్లీలు తింటారా?” అన్నారు. “లెక్కపెట్టకుండా తింటారు అంకుల్” అన్నాను. సంతకం పెట్టారు.

నా విసురు ఈ నెలలో కాస్త మెరుగైంది. షానిస్‌ని అందుకోలేను గానీ, ఆమె తర్వాతి వాళ్ళని భయపెడుతున్నాను.

చాముండేశ్వరి


ఆష్‌బర్న్
మే 20

చాముండీ,

ఇంటికి చేరాను. ఒళ్ళంతా ఎండకి కమిలింది. టోపీ తెమ్మన్నావు, తెచ్చాను, కార్‌లో మరిచిపోయాను.

నాలుగో స్థానం వచ్చిందని నువ్వు నొచ్చుకున్నావు. ముగ్గురికే పతకాలట. నాకు ఆ లెక్కలు తెలీవు. నేను చూసింది మాత్రం చెబుతాను. మైకులో ఏం చెబుతున్నారో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అందుకని నిన్నే చూస్తూ కూర్చున్నాను. ఆ వలయంలోకి దిగి గుండు మెడకి ఆనించుకోగానే నీ మొహం మారిపోయింది. వెనక్కి వంగి, తిరిగి, లేచి విసిరావు. ఆ చెయ్యి భుజం దగ్గరనుంచి వేళ్ళ చివరిదాకా ఒక్కటిగా సాగింది. నోరు ఇంత తెరిచి అరిచావు, అదీ నాకు వినపడలేదు. గుండు పడినప్పుడు మాత్రం ఆ అదురు నా కాళ్ళలోకి వచ్చింది. మేం కూర్చున్న మెట్ల చెక్కలు అదిరాయి. చివరి విసురుకి అందరికన్నా ముందు నేనే లేచి నిలబడ్డాను, అది దూరం పడిందని బోర్డు మీద వేసేలోపే. మీ అమ్మ ‘ఎలా తెలిసింది వదినా?’ అని అడిగింది. ఏం చెప్పను?

నువ్వు ఇప్పటిదాకా ఎప్పుడూ అంత దూరం వెయ్యలేదట కదా. మీ కోచ్ వచ్చి నీ భుజం మీద చెయ్యి వేసి, ఏమీ అనకుండా వెళ్ళిపోవడం చూశాను. ఆయన మొహం చూస్తే ఈసారి నీకు ఆయన ఏదీ అనక్కర్లేదనిపించింది.

తిరిగి వచ్చేటప్పుడు కార్ ఎక్కిన కాసేపటికే నువ్వు నిద్రపోయావు. తర్వాత జరిగింది నీకు తెలీదు కాబట్టి రాస్తున్నాను. వెనక సీట్లో నువ్వు మీ అమ్మ మీదికి ఒరిగిపోయావు. ఆవిడ నీలో సగం ఉంటుంది. నీ తల ఆవిడ భుజం మీద, నీ చెయ్యి బరువంతా ఆవిడ ఒళ్ళో. గుండు జారకుండా రాసుకున్న సుద్ద ఇంకా నీ మెడకి అంటుకునే ఉంది. కొంగుతో తుడవబోయి, లేస్తావేమోనని ఆగిపోయింది. మీ నాన్న దారిలో కాఫీకి ఆపుదామన్నాడు. “ఆపకండి, పిల్ల లేస్తుంది” అంది. చెయ్యి తిమ్మిరెక్కిందని మొహం చూస్తే తెలుస్తోంది. నన్ను పట్టుకోమంటావా అని నేను సైగ చేశాను. తల అడ్డంగా ఊపింది.

కలమజూలో మీ హాస్టల్ ముందు కార్ ఆగేదాకా ఆ భుజం కదపలేదు.

అత్త